పాత పూల్‌కి కొత్త వినైల్ లైనర్: హైదరాబాద్‌లో మీరే వేసుకోవడం ఎలా

ముందే చెప్పేస్తున్నా, ఈ పనిలో లైనర్ వంతు తక్కువ, ఇసుక వంతు ఎక్కువ. నీలం షీటు పరిచి గోడకి తగిలించడం ముగ్గురు మనుషులుంటే రెండు మూడు గంటల్లో అయిపోతుంది. కానీ దాని కింద నేల సరిగ్గా లేకపోతే ఎంత ఖరీదైన లైనరైనా దండగే, ఎందుకంటే మూడున్నర అడుగుల నీళ్లు నిండాక ప్రతి చదరపు అడుగు మీదా సుమారు 100 కిలోల బరువు పడుతుంది, అంత బరువు కింద శనగగింజంత రాయి ఉన్నా అది షీటుని పొడుచుకుంటూనే ఉంటుంది, ఏదో ఒక రోజు చీరుతుంది.

ఇక్కడ చెప్పేది నేల మీద నిలబెట్టే పూల్స్ గురించి. చుట్టూ రేకు గోడ, దాన్ని పట్టుకునే నిలువు సపోర్టులు, పైన టాప్ రెయిల్, లోపల విడిగా వేసే వినైల్ లైనర్, ఈ రకం. మొయినాబాద్, శంకర్‌పల్లి, శామీర్‌పేట వైపు ఫామ్‌హౌస్‌లో పెట్టుకున్నవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. ఇంటెక్స్ లాంటి పైపు ఫ్రేమ్ పూల్ అయితే అందులో లైనరే గోడ, అది చిరిగితే ప్యాచ్ వేయాలి లేదంటే మొత్తం తొడుగే మార్చాలి, ఈ పద్ధతి దానికి కుదరదు.

డాబా మీద పెడదామనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడండి. 15 అడుగుల రౌండ్ పూల్‌లో మూడున్నర అడుగుల నీళ్లంటే దాదాపు 17,500 లీటర్లు, అంటే పదిహేడున్నర టన్నులు. కట్టడాల మీద పడే బరువులకి మన దేశ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం మనుషులు తిరిగే డాబాకి చదరపు మీటరుకి సుమారు 150 కిలోల బరువు లెక్కేసి కడతారు, ఈ పూల్ వెయ్యి దాటిస్తుంది. స్ట్రక్చరల్ ఇంజినీర్ సంతకం లేకుండా ఆ ఆలోచన వద్దు. మేస్త్రీ "ఏం కాదు సార్, పిల్లర్లు గట్టిగున్నయ్" అంటే అది సంతకం కాదు.

కొలత, రకం

పాత లైనర్ డబ్బా మీద రాసిన సైజు నమ్మకుండా మీరే కొలవండి. రౌండ్ పూల్ అయితే ఒక గోడ నుంచి ఎదురు గోడకి ఒకసారి, దానికి అడ్డంగా ఇంకోసారి. టేపు మధ్యలో జారిపోతోందంటే బయట గోడ చుట్టూ కొలిచి 3.14తో భాగించండి. 15 అడుగుల పూల్‌కి చుట్టుకొలత 47 అడుగులకి కాస్త పైన వస్తుంది. గోడ ఎత్తు కింద ట్రాక్ (గోడ కూర్చునే పట్టీ) నుంచి పైఅంచు దాకా కొలవాలి, మామూలుగా 48, 52, 54 అంగుళాల్లో ఏదో ఒకటి ఉంటుంది.

లైనర్ గోడకి పట్టుకునే తీరుని బట్టి ముఖ్యంగా మూడు రకాలు. ఓవర్‌ల్యాప్ రకం గోడ మీదుగా బయటికి మడిచి ప్లాస్టిక్ పట్టీలతో బిగిస్తారు, దానికి టాప్ రెయిల్స్ అన్నీ విప్పాల్సిందే. బీడ్ రకానికి అంచులో ఒక గట్టి తీగలాంటిది ఉంటుంది, గోడ పైన బిగించిన గాడిలోకి అది నొక్కితే చాలు. జె-హుక్ రకం గోడ అంచుకి కొక్కెంలా తగులుకుంటుంది. మొదటిసారి మీ చేత్తో వేస్తున్నారంటే నా ఓటు బీడ్‌కే. గాడి పట్టీ ఒక్కసారి కొని బిగించుకుంటే తర్వాత ఎన్ని లైనర్లు మార్చినా టాప్ రెయిల్స్ జోలికి పోనక్కర్లేదు, పైగా నీళ్ల గీత నీటుగా కనిపిస్తుంది. ఓవర్‌ల్యాప్‌కి ఉన్న ఒకే సుఖం ఏంటంటే కొలత ఒకటి రెండు అంగుళాలు అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది.

మందం అడిగేటప్పుడు "ఎన్ని గేజ్" అని అడగొద్దు. గేజ్ అంకె ఒక్కో కంపెనీకి ఒక్కో అర్థం. మిల్లీమీటర్లలో చెప్పమనండి. కొందరు మిల్ అంటారు, అది అంగుళంలో వెయ్యో వంతు, మిల్లీమీటరు కాదు; 20 మిల్ అంటే అర మిల్లీమీటరు, 30 మిల్ అంటే ముప్పావు. పిల్లలు, కుక్క, ఎండ అన్నీ ఉండే చోట ముప్పావు తీసుకుంటే మంచిది, కాకపోతే బరువెక్కువ, మడతలు సర్దడం కొంచెం కష్టం. లైనర్‌తో పాటే స్కిమ్మర్ (పైనీళ్లని ఫిల్టర్‌కి లాగే గోడ రంధ్రం) గాస్కెట్లు, రిటర్న్ (ఫిల్టర్ నుంచి నీళ్లు తిరిగొచ్చే రంధ్రం) గాస్కెట్లు, అంటే లీకు ఆపే వాషర్లు, కొత్తవి ఆర్డర్ పెట్టేయండి. పాతవి మళ్లీ వాడి ఆదా చేసే నాలుగు రూపాయలు లీకేజీకే పోతాయి. పంపు, పైపులు, క్లాంపులు, టేపులు లాంటివన్నీ రాణిగంజ్‌లో ఒక రౌండ్ వేస్తే దొరుకుతాయి.

ఏ సీజన్, ఏ టైమ్

వినైల్ వెచ్చగా ఉంటే సాగుతుంది, చల్లగా ఉంటే గట్టిగా బిగుసుకుంటుంది. విదేశీ వీడియోల్లో అందరూ "ఎర్రటి ఎండలో చేయండి" అంటారు, వాళ్ల ఎండ వేరు మన ఎండ వేరు. ఏప్రిల్, మే మధ్యాహ్నం మన దగ్గర షీటు మరీ మెత్తబడి కావాల్సినదానికంటే ఎక్కువ సాగిపోతుంది, మీరు లాగేకొద్దీ పల్చబడుతుంది, పైగా రేకు గోడని ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఆ నెలల్లో సాయంత్రం వచ్చే గాలిదుమారం ఇంకో భయం. టాప్ రెయిల్స్ విప్పేసిన ఖాళీ గోడకి బలం ఏమీ ఉండదు, ఒక్క గట్టి గాలికి అట్టముక్కలా మడత పడిపోతుంది.

అక్టోబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఉత్తమం. పగలు 28, 30 డిగ్రీల దగ్గర ఉంటుంది, వానలు తగ్గుంటాయి, బోర్లలో నీళ్లు కూడా అప్పుడే బాగుంటాయి. వేసవిలోనే తప్పదంటే పొద్దున ఏడు నుంచి పది లోపు లైనర్ గోడెక్కేలా చూసుకోండి. ఏ నెలైనా ఖాళీ గోడని రాత్రంతా వదలొద్దు. పాతది తీయడం మొదలుపెట్టారంటే ఆ సాయంత్రానికి లోపల కనీసం ఒక అడుగు నీళ్లుండాలి. నేల మొత్తం మళ్లీ వేయాల్సి వచ్చి పని ఒక రోజుకి మించేలా ఉంటే రెయిల్స్ తిరిగి బిగించి, గోడని తాళ్లతో నాలుగు పక్కలా కట్టి పడుకోండి.

పాతది తీయడం

క్లోరిన్ వేయడం మూడు నాలుగు రోజుల ముందే ఆపేయండి. ఎండకి క్లోరిన్ పోతుంది, ఆ నీళ్లు మామిడి చెట్లకో లాన్‌కో వాడుకోవచ్చు, ఊరికే డ్రైనేజీలోకి వదలడం పాపం. సబ్‌మెర్సిబుల్ పంపు వేసి నీళ్లు తోడేయండి. పంపుకీ, తర్వాత వాడే వాక్యూమ్‌కీ కరెంటు 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే బ్రేకర్) ఉన్న లైను నుంచే తీయాలి. తడి కాళ్లతో చేసే పని ఇది, ఫామ్‌హౌస్ వైరింగ్ సంగతి మీకే తెలుసు.

అడుగున నాలుగు వేళ్ల నీళ్లు మిగిలినప్పుడు స్కిమ్మర్ ముందు ప్లేటు, రిటర్న్ ఫిట్టింగ్ విప్పి స్క్రూలు ఒక డబ్బాలో వేసుకోండి. ఓవర్‌ల్యాప్ అయితే టాప్ రెయిల్స్ తీసేటప్పుడు మార్కర్‌తో నంబర్లు వేయండి, అన్నీ ఒకేలా కనిపిస్తాయి కానీ తిరిగి పెట్టేటప్పుడు రంధ్రాలు కలవవు. తర్వాత కట్టర్‌తో లైనర్‌ని గోడకి ఒక జానెడు దూరంలో చుట్టూ కోసి, అడుగుని ముక్కలు ముక్కలుగా కోసి చుట్ట చుట్టేయండి. నేల దగ్గర కట్టర్ లోతుగా దింపొద్దు, కింద ప్యాడ్ (లైనర్ కింద పరిచే మందపు గుడ్డ) ఉంటే అది మళ్లీ పనికిరావచ్చు.

ఆ పాత షీటుని మాత్రం కాల్చొద్దు. అది పీవీసీ, పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, కళ్లూ గొంతూ మండిపోతాయి. గడ్డివాము మీదో కట్టెల మీదో కప్పుకుంటే ఇంకో రెండు వానాకాలాలు పనిచేస్తుంది.

గోడ

లోపలి వైపు గోడ తడిమి చూడండి. తుప్పు ఎక్కువగా కింద ట్రాక్ దగ్గర, స్కిమ్మర్ చుట్టూ ఉంటుంది. వైర్ బ్రష్‌తో గీకి, ఎమరీ పేపర్‌తో రుద్ది, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొట్టి ఆరనివ్వండి. గీకుతుంటే రేకులో చిల్లులే పడుతున్నాయంటే లైనర్ సంగతి పక్కన పెట్టి గోడ గురించి ఆలోచించాలి, ఎందుకంటే లైనర్ నీళ్లని ఆపుతుందే తప్ప బరువుని ఆపేది గోడే. గోడ రెండు చివరలు కలిసే చోట బోల్టు తలలు వరసగా ఉంటాయి, వాటి మీద డక్ట్ టేప్ రెండు మూడు పొరలు నున్నగా వేయండి.

నేల, అసలు పని

ఇక్కడ తొందరపడొద్దు. పాత ఇసుక పొర ఉంటే దాన్ని గీకి చూడండి. చీమలు పుట్టలు పెట్టి ఇసుక తోడేసిన చోట గుంటలుంటాయి, చెట్ల వేర్లు దూరుంటాయి, అన్నిటికంటే ముఖ్యం తుంగ. తుంగ గడ్డి మొలక సూదిలా ఉంటుంది, వినైల్‌ని కింద నుంచి పొడుచుకుని పైకి వచ్చేస్తుంది. పైన మొక్క పీకి ఊరుకుంటే లాభం లేదు, కింద గడ్డలు ఉంటాయి, తవ్వి ఏరేయాలి. తుంగ బాగా ఉన్న స్థలమైతే నెల ముందే తవ్వి, నీళ్లు చల్లి, మళ్లీ మొలిచిందాన్ని మళ్లీ తవ్వి తీసేసి అప్పుడు మొదలుపెట్టండి.

మన దగ్గర ఎక్కువగా ఎర్రమొరం, దాని కింద రాయి. మొరం గట్టిగానే ఉంటుంది, కానీ అందులో గ్రానైట్ ముక్కలు తేలుతుంటాయి, చేత్తో తడిమి ఏరాల్సిందే. చేవెళ్ల వైపు నల్లరేగడి ఉన్న చోట సమస్య వేరు, ఆ మట్టి వానకి ఉబ్బి ఎండకి పగుళ్లిస్తుంది, కాబట్టి పైమట్టి తీసేసి మొరం పోసి, తడిపి దిమ్మిసతో కొట్టాకే ఇసుక వేయాలి.

ఇసుక పొర రెండు అంగుళాలు చాలు. 15 అడుగుల పూల్‌కి మొత్తం కొత్తగా వేస్తే దాదాపు 30 సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు), గోడ మొదట్లో వేసే వాలుకి ఇంకో ఆరు. ఏ ఇసుక అన్నది ముఖ్యం. రోబో శాండ్ అంటే గ్రానైట్‌ని పిండి కొట్టిందే, గింజలకి కోణాలుంటాయి. ప్లాస్టరింగ్‌కి వాడే సన్న రకం తీసుకుని జల్లెడ పట్టించండి, దాని మీద ప్యాడ్ తప్పకుండా వేయండి. నది ఇసుక దొరికితే ఇంకా నయం, దాన్నీ జల్లించాలి, గవ్వలు వస్తాయి.

లెవెల్ చూడటానికి మేస్త్రీల దగ్గర ఉండే నీళ్ల ట్యూబ్ కంటే మంచి పరికరం లేదు. మధ్యలో ఒక మేకు కొట్టి, చుట్టూ ఎనిమిది చోట్ల లెవెల్ తీసి, అల్యూమినియం బద్దతో లాగండి. ఇసుక కొద్దిగా తడిపి దిమ్మిసతో కొట్టండి, మీ మడమ వేసి నిలబడితే గుంట పడకూడదు. పని అయ్యాక మధ్యలో కొట్టిన మేకు పీకడం మర్చిపోవద్దు, నవ్వొస్తుంది కానీ జరుగుతుంది.

గోడ, నేల కలిసే మూల దగ్గర చుట్టూతా ఇసుకతో నాలుగు నుంచి ఆరు అంగుళాల వాలు కట్టాలి, తాపీతో నున్నగా. ఇది లేకపోతే నీళ్ల బరువుకి లైనర్ గోడ కింద సందులోకి దూరి అక్కడ పగులుతుంది. ఇసుక బదులు ఫోమ్ కోవ్ అని రెడీమేడ్ ముక్కలు కూడా ఉంటాయి, వాటిలోకి చీమలు అంత సులువుగా దూరవు, దొరికితే అవే వేయండి. ఆ తర్వాత ప్యాడ్‌గా నేల మొత్తం మందమైన జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, అతుకులు టేప్ చేయండి. మీ దగ్గర డబ్బులు కొంచెమే మిగిలుంటే లైనర్ మందం మీద కాదు, ఈ గుడ్డ మీద పెట్టండి.

లైనర్ తగిలించడం

లోపలికి దిగే ప్రతి ఒక్కరూ చెప్పులు, బెల్టు, తాళాలు, కాలి పట్టీలు, మెట్టెలు, గాజులు అన్నీ తీసేయాలి. సాక్సులు వేసుకుంటే చాలు. లైనర్ డబ్బాని కట్టర్‌తో కోయకుండా చేత్తో విప్పండి. చలికాలం అయితే ఒక అరగంట ఎండలో నీడలో మారుస్తూ పరిచి ఉంచితే మెత్తబడుతుంది.

ఇద్దరు మోసుకెళ్లి మధ్యలో పెట్టి విప్పాలి, నేల మీద ఈడ్చొద్దు, వాలు చెదిరిపోతుంది. లైనర్ అడుగుకీ గోడ భాగానికీ మధ్య చుట్టూతా ఒక అతుకు గీత ఉంటుంది. ఆ గీత గోడ మొదట్లో వాలు దగ్గర అన్ని వైపులా సమానంగా కూర్చోవాలి. ఒక పక్క గోడ మీదికి ఎక్కి, ఇంకో పక్క నేల మీద ఉండిపోయిందంటే షీటు జరిగిందని అర్థం. ఇది ఇప్పుడు సరిచేస్తే ఐదు నిమిషాలు, నీళ్లు పోశాక ఎవరి తరమూ కాదు.

బీడ్ అయితే ఒక చోట మొదలుపెట్టి గాడిలోకి నొక్కుకుంటూ రండి. చివరికి నాలుగైదు అంగుళాలు మిగిలితే కంగారొద్దు, వెనక్కి వెళ్లి చుట్టూతా కొంచెం కొంచెంగా సర్దితే కలిసిపోతుంది. తక్కువైతే కొద్దిగా సాగదీస్తూ రావాలి, ఒకే చోట లాగొద్దు. ఓవర్‌ల్యాప్ అయితే గోడ మీదుగా వేసి తాత్కాలికంగా క్లిప్పులు పెట్టుకోండి, పట్టీలు గట్టిగా బిగించడం తర్వాత.

గాలి లాగడం, ముడతలు

వెట్ అండ్ డ్రై వాక్యూమ్ క్లీనర్ కావాలి, మీ దగ్గర లేకపోతే కారు వాషింగ్ షెడ్డు వాళ్లని అడిగి ఒక రోజుకి తెచ్చుకోండి. గొట్టాన్ని స్కిమ్మర్ రంధ్రం గుండా లైనర్‌కీ గోడకీ మధ్యలోకి దించాలి, కొన నేలకి ఒక అడుగు పైన ఆగాలి, లేదంటే ఇసుక పీల్చేస్తుంది. స్కిమ్మర్ చుట్టూ, రిటర్న్ రంధ్రం, గోడ జాయింటు అన్నీ టేపుతో మూసి ఆన్ చేయండి. రెండు నిమిషాల్లో షీటు మొత్తం గోడకి అతుక్కుపోతుంది, అడుగున ముడతలన్నీ బయటపడతాయి.

ఇప్పుడు ఒక అంగుళం నీళ్లు పెట్టి ఆపండి. అరికాళ్లతో మధ్య నుంచి గోడ వైపు తోసుకుంటూ ముడతలన్నీ పోగొట్టండి. ఈ ఒక్క అంగుళం దగ్గర ఎంత టైమ్ పట్టినా పట్టనివ్వండి, అర అడుగు నీళ్లెక్కాక చిన్న ముడత కూడా కదలదు. వాక్యూమ్ ఆపొద్దు, అడుగు దాకా నీళ్లు వచ్చేవరకు నడవనివ్వండి. ఆపితే షీటు వదులై మీరు చేసిన సర్దుబాటంతా పోతుంది.

నీళ్లు

15 అడుగుల పూల్‌కి 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడున్నర పడతాయి. ట్యాంకర్ గొట్టాన్ని నేరుగా వదిలితే ఆ వడికి కింద ఇసుక జరిగి గుంట పడుతుంది, అందుకని మొదటి అడుగు దాకా గొట్టం కొనని ఒక బకెట్‌లో పెట్టి నెమ్మదిగా వదలమనండి. డ్రైవర్ విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. నల్లా నీళ్లు మాత్రం దీనికి వాడొద్దని నా మాట, కృష్ణా, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకి పైగా పంపు చేసి తెచ్చేది తాగడానికి.

అడుగు నీళ్లు రాగానే ఆపి, నాలుగు చోట్ల గోడ పైఅంచు నుంచి నీళ్ల దాకా కొలవండి. తేడా ఒక అంగుళం దాటితే లెవెల్ తప్పింది, ఇప్పుడే తోడేసి నేల సరిచేయండి. ఒక పక్క బరువెక్కువైతే గోడ ఆ పక్కకే వాలుతుంది. కింద మూలలో లైనర్ వాలుకి ఆనకుండా డోలు చర్మంలా బిగుసుకుంటే ఓవర్‌ల్యాప్ వాళ్లు పైన క్లిప్పులు కొద్దిగా వదిలి కిందికి దింపాలి. అంతా బాగుంటే పట్టీలు, టాప్ రెయిల్స్ బిగించేయండి.

స్కిమ్మర్, రిటర్న్ రంధ్రాలు ముందే కోయడం చాలామంది చేసే పని, అది చేయొద్దు. నీళ్లు రిటర్న్‌కి రెండు మూడు అంగుళాల కింద దాకా వచ్చాక షీటు పూర్తిగా సాగి తన చోట కూర్చుంటుంది. అప్పుడు గాస్కెట్ పెట్టి, ఫిట్టింగ్ పూర్తిగా బిగించి, ఆ తర్వాతే లోపలి గుండ్రం ముక్క కోసి తీయాలి. స్కిమ్మర్ కూడా అంతే, ముందు ప్లేటు స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ రండి, కోత చివర్లో.

బోరు నీళ్లైతే కఠినత్వం ఎక్కువ, దానికి బ్లీచింగ్ పౌడర్ తోడైతే ఇంకా కాల్షియం చేరి నీళ్లు పాలిపోయినట్టు అవుతాయి. లిక్విడ్ క్లోరిన్ వాడటం మేలు. ఇనుము ఉన్న నీళ్లలో క్లోరిన్ పడగానే గోధుమ రంగు తిరిగితే భయపడొద్దు, ఫిల్టర్ నిరంతరం నడిపితే తేరుకుంటుంది. పీహెచ్ 7.2 నుంచి 7.6, క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం మధ్య ఉంచండి. పౌడర్ ఏదైనా బకెట్ నీళ్లలో కలిపి తేర్చి పోయాలి, గింజలు అడుగున పడితే కొత్త లైనర్ మీద తెల్ల మచ్చలు వస్తాయి, అవి పోవు. టీసీసీఏ బిళ్లలు (మెల్లగా కరిగే క్లోరిన్ బిళ్లలు) తేలే డబ్బాలోనే వేయాలి. టీసీసీఏనీ బ్లీచింగ్‌నీ ఒకే డబ్బాలోగానీ ఒకే బకెట్‌లోగానీ ఎప్పుడూ కలపొద్దు, మంట లేచే ప్రమాదం ఉంది. నిచ్చెన రాత్రిపూట తీసి లోపల పెట్టండి, చుట్టుపక్కల పిల్లలున్నా లేకపోయినా.

ఇక ఏటా "శుభ్రం చేద్దాం" అని నీళ్లు పూర్తిగా తోడే అలవాటుంటే మానేయండి. కొన్నేళ్లు వాడిన లైనర్ ఖాళీగా ఎండకి ఉంటే కుంచించుకుపోతుంది, మళ్లీ నింపేటప్పుడు మూలల్లో చిరుగుతుంది. స్కిమ్మర్ దగ్గర కోసి తీసిన వినైల్ ముక్కలు పారేయకుండా నీళ్లలో కూడా పట్టే వినైల్ గమ్ ట్యూబ్‌తో కలిపి ఒక కవర్‌లో పెట్టి, మీరు కొలిచిన సైజు, మందం ఒక చీటీ మీద రాసి అందులోనే పడేయండి. చిన్న చిల్లు పడితే అదే రంగు ముక్కని గుండ్రంగా కోసి అతికించవచ్చు, మూలలుంటే ఆ మూలల దగ్గరే ముందు లేచిపోతుంది.